మద్దిలేటి ఇంటి మాట

ముందుగా చదివేవాళ్ళు నన్ను మన్నించాలి. నేను పలక పట్టింది యాభై ఎనిమిదో ఏట. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నా చేతికి సరిగ్గా లొంగవు. చెయ్యి కూడా నిదానం; ఈ కథ రాయడానికి ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పట్టాయి. తప్పులు కనిపిస్తే మీరే దిద్దుకుని చదువుకోండి.

మద్దిలేటికి పక్షవాతం వచ్చి పద్నాలుగు నెలలైంది. పడిపోయిన కుడి కాలు మందులకూ మర్దనకూ కొంత లొంగింది. కర్ర పట్టుకుని వసారా దాకా నడుస్తాడు. నాలుక మాత్రం లొంగలేదు. బుద్ధికి ఏ లోటూ లేదు. ఎవరేమన్నా అర్థమవుతుంది. బదులు చెప్పాలని నోరు తెరిస్తే గాలీ మూలుగూ కలిసి వస్తాయి. దాంతో ఆయనకే విసుగు పుట్టి మొహం గోడవైపు తిప్పుకుంటాడు.

ఆ రోజు పొద్దున బేతంచర్లలోని వాళ్ళ ఇంటికి మాట పోయినవాళ్ళకు యంత్రాలు చేసే కర్నూలు పరిశోధనశాల నుంచి పర్వీన్ అనే అమ్మాయి వచ్చింది. ఆయన మెడకు రెండు వేళ్ళ వెడల్పున్న నల్ల పట్టీ చుట్టింది. పట్టీకి ముందు అగ్గిపెట్టెంత పెట్టె ఉంది. భార్య సుంకులమ్మ వంటింటి గడపలో నిలబడి కొంగుకు చేతులు తుడుచుకుంటూ చూస్తోంది. రెండు వీధుల అవతల కాపురముండే కూతురు నాగవేణి తండ్రి పక్కనే మంచం మీద కూర్చుంది.

"ఏమైనా మాట్లాడండి సార్. నోరు కదపనక్కర్లేదు. చెప్పాలనుకుంటే చాలు," అంది పర్వీన్.

మద్దిలేటి చూపు తిన్నగా సుంకులమ్మ మీదికి పోయింది. పెట్టెలోంచి గొంతు వచ్చింది. ఆయన గొంతే. చివర కాస్త జీరపోయే ఆ గొంతే.

"హలో, నమస్తే. సబ్‌స్టేషన్ నుంచి మద్దిలేటి మాట్లాడతాండాను. అవతల ఎవరు? పేరు చెప్పండి."

నాగవేణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేనే," అంది సుంకులమ్మ.

"నేనే అంటే కుదరదండీ. పేరు చెప్పండి."

"సుంకులమ్మ," అంది ఆమె, బడిలో చిన్నపిల్ల హాజరు పలికినట్టు.

"సుంకులమ్మ గారు. రాసుకున్నాను. చెప్పండి సుంకులమ్మ గారూ."

ఆమె గిరుక్కున తిరిగి వంటింట్లోకి పోయింది. పొయ్యి మీద ఏమీ లేదు. గరిటె తీసుకుని చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడింది. వాళ్ళ వాళ్ళలో మొగుడు పెళ్ళాన్ని పేరెత్తి పిలవడు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన నోట ఆమె పేరు "మే". వంటింట్లో ఉంటే మామూలుగా "మే". పక్కింట్లో ఉంటే గట్టిగా "మే". కోపమొస్తే దాని వెనక ఇంకో నాలుగు మాటలు. తన పేరు ఆయన నోట ఎట్లా ఉంటుందో ఆమెకు ఇంతవరకూ తెలియదు.

పర్వీన్ లోపలికి వచ్చింది. "భయపడ్డారా అమ్మా?"

"భయమేం లే. ఆ మాటలు ఆయనవేనా?"

"మాట పుట్టే చోట ఆయనకు దెబ్బ తగల్లేదు. మాట నడిచే దారి తెగింది. చెప్పాలనుకున్నది గొంతు నరాల దాకా వస్తుంది. ఈ పట్టీ దాన్ని పట్టుకుంటుంది. కాని అక్కడికి వచ్చేది ఒట్టి భావమే. దానికి మాటలు తొడగాలి. నా మాటలు తొడిగితే ఆయన నాలా మాట్లాడతారు. అందుకని ఆయన పాత మాటలు వెతికాం. సబ్‌స్టేషన్ ఫోన్లో పందొమ్మిదేళ్ళ మాటలు దాచిపెట్టి ఉన్నాయి. ఇంట్లో మాటలు ఎవరు దాస్తారు?"

సుంకులమ్మకు ఆ ఫోను సంగతి తెలుసు. స్తంభం ఎక్కబోయే లైన్‌మన్ ఫోన్ చేసి ఫలానా లైను ఆపమంటాడు. ఇక్కడ కుర్చీలో ఉన్నవాడు పేరు అడుగుతాడు, విన్నది విన్నట్టు తిరిగి అప్పజెబుతాడు, అవతలివాడు అవునన్నాకే స్విచ్ మీద చెయ్యి వేస్తాడు. ఒక్క ఊరి పేరు తప్పు విన్నా పైనున్న మనిషి కాలిపోతాడు. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో మద్దిలేటి చేతి కింద ఒక్క మనిషి పోలేదు. ఊళ్ళో ఆయనకు ఆ పేరుంది.

ఆ అలవాటంతా ఇప్పుడు ఇంట్లోకి వచ్చింది.

"పప్పులో ఉప్పు చాలిందా?" అని ఆమె అడిగితే, "పప్పులో ఉప్పు చాలిందా అని అడిగినారు. అవునా?" అంటుంది పెట్టె. ఆమె అవునన్నాకే, "చాలిందండీ," అంటుంది. మొదటి రెండు రోజులు ఆమెకు నవ్వు ఆగలేదు. సాయంత్రం పూట ఇరుగుపొరుగు వచ్చి అడిగి మరీ అప్పజెప్పించుకుని పోయేవాళ్ళు. లైన్‌మన్ పీరా వచ్చినప్పుడు మాత్రం ఎవరికీ తేడా తెలియలేదు; అతను ఆ ఫోన్లో రోజూ మాట్లాడినవాడే.

"ఏం మద్దిలేటన్నా, రంగాపురం లైను ఆపిస్తావా?" అన్నాడు పీరా మంచం పక్కన చతికిలబడి.

"రంగాపురం లైనా? నీకు లైను ఆపిస్తే స్తంభం మీదనే నిద్రపోతావు పీరా. మొన్న దిగమని మూడుసార్లు ఫోన్ చేయిస్తివి."

పీరా పగలబడి నవ్వాడు. మద్దిలేటి భుజాలు కూడా ఊగాయి. పెట్టె పెట్టినట్టే లేదు, వాళ్ళిద్దరూ టీ కొట్టు ముందు నిలబడి మాట్లాడుకుంటున్నట్టుంది. పీరా పోయాక సుంకులమ్మ చాలాసేపు గుమ్మంలోనే ఉండిపోయింది. ఈ మనిషి ఇన్నేళ్ళూ బయట ఇంత సరదాగా ఉండేవాడన్నమాట. ఇంటి గడప దాటేటప్పుడు చెప్పులతో పాటు ఆ సరదా కూడా బయటే విడిచి వచ్చేవాడు.

మూడో రోజో నాలుగో రోజో ఆమె వేరుశనగకాయలు ఒలుస్తూ, నవ్వులాటకే అన్నట్టు మొదలుపెట్టింది.

"మా తమ్ముని పెండ్లికి నన్ను పోనీలేదు నువ్వు."

"మీ తమ్ముని పెండ్లికి మిమ్మల్ని పోనీలేదు నేను. అవునా?"

"అవును. బట్టలు సర్దుకుని గడపలో కూచుంటి. ఇంట్లో బువ్వ ఎవరొండుతారని మూట ఇసిరేస్తివి."

"మీరు బట్టలు సర్దుకుని గడపలో కూర్చున్నారు. నేను మూట విసిరేశాను. అవునా?"

"అవును."

పెట్టె ఆగింది. "రాసుకున్నాను," అంది.

అది ఆయన అన్నదో, అలవాటు అన్నదో ఆమెకు తెలియలేదు. కాని ఆమె చెప్పింది ఒక మనిషి మొదటి నుంచి చివరి దాకా విని, తిరిగి అప్పజెప్పడం ఆమెకు అదే మొదలు. పూర్వం ఆమె నోరు తెరిస్తే సగంలోనే "గమ్మునుండు" వచ్చి పడేది. ఆ వారమంతా ఆమె రోజుకొకటి చెప్పింది. ఆయన ఒక్కటి కూడా విడవకుండా అప్పజెప్పాడు. ఆమెకు ఒళ్ళు తేలికపడినట్టుంది.

నాగవేణికి మాత్రం అది మింగుడుపడలేదు.

"నాగవేణి గారూ, మీరు టిఫిన్ చేశారా? దయచేసి చెప్పండి," అంది పెట్టె ఒక పొద్దున.

నాగవేణి చేతిలో గ్లాసు కింద పెట్టింది. "మా నాయన నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలే. నాకు ముప్పై రెండేండ్లొచ్చినా పాపనే. ఈయన ఎవరమ్మా?"

మద్దిలేటి ఎడమ కంట్లోంచి నీళ్ళు కారి చెవి దాకా పోయాయి. ఆయన ఇంకేదో చెప్పబోయాడు. "నాగవేణి గారూ, అంతరాయానికి చింతిస్తున్నాము," అంది పెట్టె. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఉండనీలే పాపా, మాటలు వస్తాండాయి గదా," అంది సుంకులమ్మ.

"నీకు బాగుండాది. అందుకే అట్లా అంటావు."

నిజంగానే సుంకులమ్మకు బాగుంది.

ఆ సంగతి విని పర్వీన్ ఫోన్లో ఒక దారి చెప్పింది. ఇంటి మాటలు ఎవరూ దాచకపోయినా, ఆ మాటలు విన్న మనిషి ఉంది. ఆమె కర్నూలు వచ్చి గదిలో కూర్చుని, ఏ సందర్భంలో ఆయన ఏమనేవాడో ఆయన తీరులో చెబితే చాలు. వాటికి ఆయన గొంతు పరిశోధనశాల వాళ్ళు పూస్తారు. ఎదుట ఉన్నది పీరానా, కూతురా, భార్యనా అన్నది వాళ్ళ గొంతును బట్టి పట్టీ పోల్చుకుని, ఎవరికి తగ్గ మాట వాళ్ళకు తొడుగుతుంది.

"మా అమ్మ బాగా అనుకరిస్తాది," అంది నాగవేణి. అదీ నిజమే. సుంకులమ్మ బడిలో మధ్యాహ్నం భోజనం వండే ముఠాలో పనిచేస్తుంది. బియ్యం ఏరేటప్పుడు ఆమె తన మొగుడి మాట, హెడ్మాస్టరు మాట, పోయిన అత్త మాట అన్నీ దించేది. తోటి ఆడవాళ్ళు కడుపులు పట్టుకుని నవ్వేవాళ్ళు.

పరిశోధనశాలలో ఒక చిన్న గది. గోడలకు మెత్తటి దూది అట్టలు. మధ్యలో ఒక బల్ల, రెండు కుర్చీలు. మొదటిరోజు పని మొదలయ్యేలోగా పర్వీన్‌కు తల్లి ఫోన్ చేసింది. ఆ అమ్మాయి ఉర్దూలో గలగలా, దీర్ఘాలు తీస్తూ, మధ్యలో అలుగుతూ మాట్లాడింది. అంతలో పై అధికారి తలుపు తీస్తే నిటారుగా అయి ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పింది. ఇటు తిరిగి, "మొదలుపెడదామా అమ్మా?" అని పుస్తకంలో ఉన్నట్టు అడిగింది.

"నీలో ఎంతమంది ఉండారు తల్లీ?" అంది సుంకులమ్మ.

పర్వీన్ నవ్వింది. "అందరిలోనూ ఉంటారమ్మా. మీలో ఎంతమంది?"

సుంకులమ్మ ఆలోచించింది. బడి ఆడవాళ్ళ దగ్గర నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. హెడ్మాస్టరు దగ్గర ప్రతి మాటకూ సార్ తగిలించే మనిషి. అత్త ఉన్నన్నాళ్ళూ తలుపు వెనక నుంచి మాట్లాడిన మనిషి. మొగుడి దగ్గర ఎవరు? అక్కడ మాట్లాడిన మనిషి ఎట్లా ఉండేదో ఆమెకు గుర్తు రాలేదు. సగం సగం మాటలు తప్ప.

"కూతురు వస్తే సార్ ఏమంటారు?" అని అడిగింది పర్వీన్.

సుంకులమ్మ గొంతు బరువు చేసింది. "పాపా, తినింటివా? మొగం అట్లా పీక్కపోయిందేంది? మీ అత్త కూడు పెట్టల్యానా?"

పర్వీన్ మెచ్చుకోలుగా తలూపింది. కూతురి మాటలు ఒక పూటలో అయిపోయాయి. అన్నీ ఉన్నవి ఉన్నట్టే చెప్పింది.

"ఇప్పుడు మీతో. నీళ్ళు కావాలంటే మిమ్మల్ని ఎట్లా అడుగుతారు?"

"మే, నీళ్ళు" అన్నది నాలుక చివరిదాకా వచ్చింది. సుంకులమ్మ దాన్ని మింగింది. బల్ల మీద ఎర్రదీపం వెలుగుతోంది. మాట పట్టే యంత్రం ఆమె నోటికేసి చూస్తోంది. ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి, ఆయన తనతో ఏమి మాట్లాడాలో చెప్పే అధికారం తనకు వచ్చింది.

"సుంకులూ, రోంత నీళ్ళిస్తావా?" అంది ఆయన గొంతుతో.

ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. అన్నం ఆలస్యమైతే "తొందరేముంది, నువ్వు కూడా తిను" అంటాడు. ఒళ్ళు బాగలేకపోతే "ఈ పూట పొయ్యి ముట్టించాకు, పండుకో" అంటాడు. కోపమొస్తే? సుంకులమ్మ కిటికీ లేని గోడకేసి చూసింది. "కోపమొచ్చినా నీకిష్టమైతేనే చెయ్యి అంటాడు," అంది. మూడు రోజులు బస్సులో వచ్చిపోతూ ఆమె ఒక మనిషిని తయారుచేసింది. దారిలో ఎవరూ చూడకుండా తనలో తాను నవ్వుకుంది. పర్వీన్ ఒక్కసారి తలెత్తి, "సార్ చాలా మంచివారమ్మా," అంది. సుంకులమ్మ కొంగు సర్దుకుంది.

కొత్త మాటలు వేసిన పట్టీ ఇంటికి వచ్చింది. "పాపా" అని పిలిపించుకుని నాగవేణి తండ్రి ఒడిలో తల పెట్టి ఏడ్చింది. బడి ముఠాలోని లాలెమ్మ ఊరికే చూసిపోదామని వచ్చి, "సుంకులూ, నువ్వు తినింటివా?" అన్న మాట విని నోరెళ్ళబెట్టింది.

"ఇట్లాంటి మొగుడు యా అంగట్లో దొరుకుతాడే? మా ఆయప్పకు గూడా ఒక పట్టీ తెప్పియ్యండి. పక్షవాతం రాకున్నా సరే."

సుంకులమ్మ నవ్వింది. ఆ నవ్వు నాలుగు రోజులుంది.

ఐదో రోజు, ఆదివారం మధ్యాహ్నం మద్దిలేటికి కాలు పట్టేసింది. ఆమె పెరట్లో గుడ్డలు ఉతుకుతోంది. లోపలి నుంచి మెత్తగా, "సుంకులూ, వీలున్నప్పుడు వస్తావా," అని వినిపించింది. వీలున్నప్పుడే గదా అని ఆమె గుడ్డలన్నీ జాడించి, ఆరేసి వెళ్ళింది. మంచం మీద మనిషి చెమటతో తడిసి ఉన్నాడు. మొహం కందగడ్డలాగుంది. ఎడమ పిడికిలితో మంచం కోడును కొడుతున్నాడు, ఆ చేతి మీద చర్మం చిట్లింది.

"ఏమైంది? ఎందుకు గట్టిగా పిలవలేదు?"

ఆయన ఆమెను చూసిన చూపు కోపం కూడా దాటిపోయింది. "తొందరేముంది సుంకులూ," అంది పెట్టె. "నీకిష్టమైతేనే చెయ్యి."

ఆయన ఎడమ చెయ్యి మెడ మీదికి పోయింది. పట్టీని ఒక్క లాగు లాగి, తలగడ కిందికి తోసేశాడు.

ఆమె కాలు పట్టింది, నూనె రాసింది. సాయంత్రం పట్టీ తీసి కట్టబోతే తల పక్కకు తిప్పుకున్నాడు. మర్నాడూ అంతే. నాగవేణి వచ్చి బతిమాలినా కట్టనీయలేదు. పీరా వచ్చాడు, జోకులు వేశాడు, గోడకు చెప్పుకున్నట్టయింది. వసారాలో చెప్పులు వేసుకుంటూ పీరా, "అక్కా, మా కాడ బాగనే మాట్లాడతాండె గదా. ఇంట్లో ఏమన్నా అయ్యిందా?" అన్నాడు.

"ఏమీ కాలే," అంది ఆమె.

పన్నెండు రోజులు ఆ ఇంట్లో ఆయన గొంతు లేదు. ఆమె వంట చేస్తూ, గిన్నెలు తోముతూ, మాట మధ్యలో నొక్కేస్తే మనిషికి ఎట్లా ఉంటుందో తనకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు అనుకుంది. తెలిసి కూడా ఆ పనే చేసింది. ఆయన తన నోరు మూయించేటప్పుడు కనీసం తను ఏమనబోయిందో తనకు మిగిలేది. తను ఆయన మాటను నొక్కడంతో ఆగలేదు. దాని బదులు తనకిష్టమైన మాట పలికించింది.

పదమూడో రోజు ఆమె ఎవరికీ చెప్పకుండా కర్నూలు బస్సెక్కింది.

పర్వీన్ అంతా విన్నది. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. "అది కూడా తప్పు కాదేమో అమ్మా," అంది చివరికి. "ఆయన మిమ్మల్ని అన్నవి తిరిగి ఆయన నోట్లో ఎవరు పెడతారు? కావాలంటే మధ్యస్తంగా చేద్దాం. తిట్లు తీసేసి..."

"వద్దు తల్లీ. రోంత తీసినా అది మళ్ళా నేనే అయితాను. దీపం ఎయ్యి."

ఎర్రదీపం వెలిగింది. సుంకులమ్మ కళ్ళు మూసుకుంది. "మే, నీళ్ళు." తర్వాత, "మే, యాడ సచ్చినావ్?" తర్వాత, "గమ్మునుండు. నిన్నెవరడిగిరి?" ఒక్కొక్కటీ ఆయన తీరులోనే, ఆయన విసురులోనే. కొన్ని ఇక్కడ రాయదగ్గవి కావు. ఈ మాటలు ఆమె ఎప్పుడూ వినడమే గాని పలికింది లేదు. బడి ముఠాలో నవ్వించడానికి దించినవి కూడా పైపై మాటలే.

"మా యమ్మ సచ్చిపోయిన దినం కబురొచ్చె," అంది మామూలు గొంతుతో. మళ్ళీ ఆయన గొంతు తెచ్చుకుంది. "పోయినామె ఎట్లా పోయె. బువ్వొండి పెట్టి కదులు."

పర్వీన్ చెయ్యి దీపం మీదికి పోయింది. "ఇది తీసేద్దాం అమ్మా." ఈసారి ఆ అమ్మాయి నోట పుస్తకం మాట రాలేదు. "ఇదొద్దు. ఇది నేను ఎక్కియ్యలేను."

"ఎక్కీ. అన్నాడు కాబట్టి ఎక్కీ. మంచివి గూడా చెప్తా ఉండు. నాకు విషజ్వరం వచ్చినప్పుడు మూడు దినాలు మంచం కాడనే కూచునె. అప్పుడు 'మే, సావాకు' అనె. అది గూడా రాయి. మంచి మాట అదొక్కటే గుర్తుండాది."

పర్వీన్ ముక్కు తుడుచుకుని, పని సంగతి ఎత్తింది. ఇంటి మాటల్లో దేనికైనా మాట దొరకనప్పుడు పట్టీ ఇంతకుముందు సబ్‌స్టేషన్ మాటల్లోంచి అప్పు తెచ్చుకునేది. ఈసారి కూడా అట్లాగే ఉంచాలా అని అడిగింది.

"అప్పు వద్దు. ఇంట్లో ఇంటి మాటే రానీ."

"అయితే మాట లేని చోట పెట్టె మూగగా ఉంటుంది. చెప్పాలనుకున్నది ఉంది, మాట లేదు అని తెలియడానికి పసుపు దీపం ఒకటి వెలుగుతుంది. సరేనా?"

"సరే."

మరుసటి ఆదివారం పర్వీన్ స్వయంగా వచ్చి కొత్త మాటలు ఎక్కించింది. మద్దిలేటి పట్టీని చూసి తల తిప్పుకున్నాడు. సుంకులమ్మ మంచం ముందు నేల మీద కూర్చుంది.

"ఏమయ్యా, ఈ తూరి అన్నీ నీవే. నావి ఒక్కటి గూడా పెట్టలే. కట్టుకుని చూడు. బాగలేకుంటే పారేయి."

ఆయన చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత గడ్డం కాస్త పైకెత్తాడు. పర్వీన్ పట్టీ కట్టింది.

"మే," అంది పెట్టె. "యాడ సచ్చినావ్ ఇన్ని దినాలు?"

పక్కన నాగవేణి బిత్తరపోయి తల్లివైపు చూసింది. సుంకులమ్మకు ఆ మాట చెంపకు తగిలినట్టే ఉంది. అయినా మద్దిలేటి మొహం చూస్తే, నీళ్ళలో మునిగినవాడు తల పైకి తీసినట్టుంది. పెట్టె వరసగా అందుకుంది. "మే, కాలు లాగుతాంది. మే, ఆ కిటికీ మూయి, ఎండ కంట్లో పడతాంది. పాపా, నువ్వు ఎప్పుడొస్తివి?"

ఇల్లు మళ్ళీ పాత ఇల్లయింది. పీరాతో జోకులు, పాపతో గారాలు, ఆమెతో విసుర్లు. తేడా ఒక్కటే. ఆయన "గమ్మునుండు" అన్నప్పుడు సుంకులమ్మ ఇప్పుడు గమ్మునుండడం లేదు. "నేను పలికిస్తేనే వచ్చిన మాట అది. నా మీదికే తెస్తావా?" అంటుంది. దానికి ఆయన మెడ మీద పసుపు దీపం ఒక్క క్షణం వెలిగి ఆరుతుంది. ఇంతకుముందు ఆమె ఎదురు మాట్లాడింది లేదు గనక, అట్లాంటప్పుడు చెప్పే మాట ఆయనకు ఎవరూ ఇవ్వలేదు.

పది రోజులు పోయాక, ఒక పొద్దున ఆమె ఆయన గడ్డం గీస్తోంది. సబ్బు నురగ తుడిచి కత్తి పక్కన పెట్టేసరికి, ఏ గొడవా లేకుండానే మెడ మీద పసుపు దీపం వెలిగింది. పెట్టె పలకలేదు. ఆయన ఆమెనే చూస్తున్నాడు.

"ఏం? నీళ్ళా?"

దీపం అట్లాగే ఉంది.

"నొప్పా? కిటికీ మూయల్నా?"

కాదన్నట్టు కళ్ళు మూసి తెరిచాడు. కాసేపటికి దీపం ఆరిపోయింది. బడికి పోయే ముందు అన్నం కలిపి పెడుతుంటే మళ్ళీ వెలిగింది. సాయంత్రం ఆమె బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే మళ్ళీ. పాప ఉన్నప్పుడు వెలగలేదు, పీరా ఉన్నప్పుడు వెలగలేదు. ఆమె ఒక్కతే ఎదురుగా ఉన్నప్పుడే. పది రోజులు ఇదే వరస.

ఆమె పర్వీన్‌కు ఫోన్ చేసింది. యంత్రం పాడైందేమో అంది. పర్వీన్ అక్కడి నుంచే ఏవో చూసుకుని, "పాడు కాలేదమ్మా," అంది. "ఆయన ఏదో చెప్పాలనుకుంటున్నారు. ఈ పది రోజుల్లో ఒకటే భావం ఇరవై ఏడు సార్లు వచ్చింది. పెద్ద భావం, చాలాసేపు ఉంటోంది."

"ఏం భావం?"

"అది యంత్రానికి తెలీదమ్మా. కోపం కాదు, ఆకలి కాదు, నొప్పి కాదు. ఆ మూడింటికీ మీరు బోలెడు మాటలిచ్చారు. ఇది మీతో ఆయన ఎప్పుడూ అనని మాట. మీరు ఒక మాట ఇవ్వండి, అక్కడ పెడతాను. లేదా సబ్‌స్టేషన్ నుంచి అప్పు తెద్దాం. అక్కడ ఇట్లాంటి చోట ఆయన 'మన్నించండి' అనీ, 'ధన్యవాదాలు' అనీ, చాలా అనేవారు."

సుంకులమ్మ ఫోన్ పట్టుకుని వసారాలో నిలబడింది. అక్కడ పెట్టదగ్గ మాటలు ఆమె దగ్గర ఎన్నో ఉన్నాయి. ముప్పై నాలుగేళ్ళుగా పోగేసి పెట్టుకున్నవి. ఒక్కటి ఇస్తే చాలు, రేపు పొద్దున ఆయన గొంతుతో వింటుంది. అది ఆయన చెప్పాలనుకున్నదే కావచ్చు కూడా. మంచం మీద ఆయన ఇటే చూస్తున్నాడు, మెడ మీద దీపం వెలుగుతోంది.

"ఏమీ పెట్టాకు తల్లీ. ఆ చోటు అట్లనే ఉండనీ," అని ఫోన్ పెట్టేసింది.

చేట తీసుకుని వచ్చి మంచానికి ఎదురుగా నేల మీద కూర్చుంది. చేటలో వేరుశనగకాయలు పోసుకుంది.

"ఇన్నేండ్లు నీకేం కావల్నో నువ్వడగకముందే నేనే కనిపెడతా వస్తి," అంది, ఒక కాయ చిదుపుతూ. "ఉప్పు నేనే కనిపెడితి, నొప్పి నేనే కనిపెడితి. ఆఖరుకు నీ తిట్లు గూడా నేనే గుర్తుపెట్టుకుని తెచ్చిస్తి. ఈ ఒక్క మాట మాత్రం నేనియ్యను. నువ్వే ఎతుక్కో."

మద్దిలేటి పెదవులు కదిలాయి. పెట్టె పలకలేదు. ఆయన గొంతులోంచే గాలి వచ్చింది, దాని వెనక ఒక మూలుగు. మొహం గోడవైపు తిప్పుకోబోయి ఆగాడు. మళ్ళీ ఆమె వైపు తిరిగి, మళ్ళీ మొదలుపెట్టాడు.

"నాకేం తొందర లే," అంది సుంకులమ్మ. "ఈ దినం బడికి సెలవ."

తిరుపాలమ్మ, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఆదోనిలో, కోట వెనక వీధిలో, కూతురి ఇంట్లో ఉంటున్నాను.